దుప్పటి గుడ్డ మీద సంతకాలు: 77 మంది నర్సుల కథ

2013 మార్చిలో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక పెద్దావిడ కన్నుమూశారు. వయసు 98. పేరు మిల్‌డ్రెడ్ డాల్టన్ మ్యానింగ్. ఆవిడ మన పక్కింట్లో ఉండి ఉంటే "బాగున్నారా అమ్మమ్మగారూ" అని పలకరించి మన దారిన మనం వెళ్లిపోయేవాళ్లం. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి, దాదాపు మూడేళ్లు నిర్బంధంలో గడిపిన 77 మంది అమెరికన్ మిలిటరీ నర్సుల్లో ఆఖరున మిగిలింది ఆవిడే.

ఆ 77 మందిలో ప్రాణాలతో ఇంటికి చేరింది ఎంతమందో తెలుసా? 77. ఒక్కరు కూడా తగ్గలేదు. అది ఎలా జరిగింది, తిరిగొచ్చాక వాళ్లకి ఏం దక్కింది, ఈ రెండు ప్రశ్నలే ఈ ఎపిసోడ్.

మిల్‌డ్రెడ్ 1914లో జార్జియా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. అట్లాంటాలోని గ్రేడీ హాస్పిటల్‌లో నర్సింగ్ చదివి, 1939లో ఆర్మీ నర్స్ కోర్‌లో చేరారు. అప్పటి రూల్స్ వింటే మీకు కోపం వస్తుంది. నర్సుకి పేరుకి ఆఫీసర్ ర్యాంకే, కానీ అదే ర్యాంకు మగవాడికి ఇచ్చే జీతం ఇవ్వరు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదిలేయాల్సిందే. యుద్ధభూమి కోసం ట్రైనింగ్ అయితే అసలే లేదు.

1941 అక్టోబర్‌లో ఆవిడకి ఫిలిప్పీన్స్ పోస్టింగ్ వచ్చింది. అప్పట్లో ఆ దేశం అమెరికా చేతిలో ఉండేది. అక్కడ డ్యూటీ అంటే హాయి. పగలు వార్డు, సాయంత్రం టెన్నిస్, రాత్రి డాన్సులు. ఆ హాయి రెండు నెలలు కూడా మిగల్లేదు. లోకం చూద్దామని ఆర్మీలో చేరితే, చూసింది జైలు క్యాంపు అని ఆవిడే తర్వాత చెప్పుకునేవారు.

డిసెంబర్ 8. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన కొన్ని గంటలకే ఫిలిప్పీన్స్ మీద కూడా బాంబులు పడ్డాయి. జపాన్ సైన్యం దిగాక అమెరికన్, ఫిలిప్పీన్ దళాలు మనీలా వదిలేసి బటాన్ అనే ద్వీపకల్పంలోకి వెనక్కి తగ్గాయి. నర్సులు కూడా వాళ్లతోనే వెళ్లారు. గంజి పెట్టిన తెల్ల యూనిఫాంలు పక్కన పెట్టి, మగాళ్ల సైజు కవరాల్స్ వేసుకున్నారు.

బటాన్‌లో రెండో నంబర్ హాస్పిటల్ అని ఒకటి ఉండేది. హాస్పిటల్ అంటే బిల్డింగ్ అనుకోకండి. అడవి. పైకప్పు లేదు, గోడలు లేవు, చెట్ల కింద వరసగా మంచాలు. వేలల్లో పేషెంట్లు. మలేరియా విపరీతం, క్వినైన్ మాత్రేమో అయిపోతోంది. రేషన్ సగానికి, తర్వాత ఇంకా కిందకి కోసేశారు. దున్నపోతుల్ని, చివరికి సైన్యం గుర్రాల్ని కూడా వండుకు తిన్నారు. ఒకటో నంబర్ హాస్పిటల్ మీద రెండుసార్లు బాంబులు పడ్డాయి. ఇంత జరుగుతున్నా నర్సులకీ మలేరియా జ్వరమే, వాళ్లకీ ఆకలే. డ్యూటీ మాత్రం ఆగలేదు.

1942 ఏప్రిల్ 9న బటాన్ లొంగిపోయింది. దాదాపు 75,000 మంది సైనికులు బందీలయ్యారు. అంతకు ముందు రాత్రే నర్సులకి ఆర్డర్ వచ్చింది: పేషెంట్లని వదిలేసి, పడవల్లో కొరెగిడార్ దీవికి వచ్చేయండి. పక్కన మూలుగుతున్న మనిషిని వదిలి నడిచి వెళ్లిపోవాలి. బాంబుల కంటే, ఆకలి కంటే, ఆ రాత్రే తమని ఎక్కువ కాలం వెంటాడిందని వాళ్లలో చాలామంది ముసలితనంలో కూడా చెప్పారు.

కొరెగిడార్‌లో హాస్పిటల్ ఒక కొండ లోపల, మలింటా టనెల్‌లో నడిచింది. మెయిన్ టనెల్ పొడవు సుమారు 250 మీటర్లు, దానికి రెండు పక్కలా చిన్న సొరంగాలు. పైన ఫిరంగులు మోగుతుంటే లోపల దుమ్ము, ఉక్కపోత, కరెంటు పోతూ వస్తూ ఉండేది. కొంతమంది నర్సుల్ని సీప్లేన్లలో, సబ్‌మెరైన్‌లో బయటికి పంపగలిగారు. అందరికీ చోటు లేదు. మిల్‌డ్రెడ్ లోపలే ఉండిపోయారు.

ఇక లొంగిపోక తప్పదని తేలిపోయాక, టనెల్‌లో మిగిలిన ఆడవాళ్లంతా ఒక పని చేశారు. దుప్పటి గుడ్డ ఒక ముక్క చింపి, దాని మీద వరసగా సంతకాలు పెట్టారు. ఎందుకు? తాము చచ్చిపోతే, ఇక్కడ ఉన్నామనడానికి ఒక రికార్డు ఉండాలని. మే 6న కొరెగిడార్ పడిపోయింది.

జులైలో వాళ్లని మనీలాలోని శాంటో టొమాస్ యూనివర్సిటీ క్యాంపస్‌కి తెచ్చారు. జపాన్ వాళ్లు దాన్ని విదేశీ పౌరుల నిర్బంధ శిబిరంగా మార్చేశారు, దాదాపు 4,000 మంది ఉన్నారు అక్కడ. ఇక్కడే కథలో అసలు మనిషి వస్తారు. చీఫ్ నర్స్ కెప్టెన్ మాడ్ డేవిసన్. వయసు 57. ఆవిడ రూల్ సింపుల్: బందీలమైనా మనం నర్సులమే. యూనిఫాం వేసుకోవాలి, క్యాంప్ హాస్పిటల్‌లో రోజుకి నాలుగు గంటల షిఫ్ట్ చేయాలి. ఎక్స్‌క్యూజ్ లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు షిఫ్ట్ రోస్టర్ చూస్తే చిరాకేసేది. ఇక్కడ అదే రోస్టర్ మనుషుల్ని నిలబెట్టింది. రేపు పొద్దున నా కోసం ఒక వార్డు ఎదురుచూస్తోంది అనే ఒక్క విషయం, ఆకలితో పడుకున్న మనిషిని మళ్లీ లేపుతుంది.

అలాగని క్రమశిక్షణ ఒక్కటే కాపాడిందంటే అది సగం నిజమే. వాళ్లని ఉంచింది పౌరుల క్యాంపులో. మగ సైనికుల్ని ఉంచిన క్యాంపులు అంతకంటే ఘోరం, అక్కడ వేలల్లో పోయారు. కానీ శాంటో టొమాస్ కూడా సుఖంగా ఏం లేదు. 1944లో జపాన్ సైన్యం క్యాంపుని నేరుగా చేతిలోకి తీసుకున్నాక తిండి తగ్గుతూ వచ్చి, చివరికి రోజుకి 700 క్యాలరీలకి చేరింది. మనం ఒక పూట లాగించే ప్లేటు బిర్యానీ అటూ ఇటూగా అంతే ఉంటుంది. వాళ్లకి రోజంతా అదే. బెరిబెరితో కాళ్లు వాచేవి. డేవిసన్ బరువు 40 కిలోల కిందకి పడిపోయింది. క్యాంపులో వందలమంది చనిపోయారు. నర్సులు మాత్రం షిఫ్టులు మానలేదు.

1945 ఫిబ్రవరి 3 రాత్రి అమెరికన్ ట్యాంకులు గేటు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చాయి. 66 మంది ఆర్మీ నర్సులు విడుదలయ్యారు. లాస్ బాన్యోస్ క్యాంపులో ఉన్న 11 మంది నేవీ నర్సులు ఫిబ్రవరి 23న బయటపడ్డారు. లెక్క సరిపోయింది: 77.

ఇప్పుడు రెండో ప్రశ్న. పేపర్లు వాళ్లని దేవతలన్నాయి. బ్రాంజ్ స్టార్ మెడల్స్ ఇచ్చారు, ప్రమోషన్ ఇచ్చారు, ఫొటోలు తీశారు. కానీ డేవిసన్‌కి డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ ఇవ్వాలని సిఫారసు వెళ్తే పైవాళ్లు ఒప్పుకోలేదు. నర్సు పని డాక్టర్ల కింద చేసే పనే కదా, సొంతంగా మోసిన బాధ్యత ఏముంది అన్నట్టు చూశారు. ఆవిడ 1956లో చనిపోయారు. మెడల్ 2001లో వచ్చింది. చనిపోయిన 45 ఏళ్లకి.

మిగతావాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. మిల్‌డ్రెడ్ ఒక జర్నలిస్టుని పెళ్లి చేసుకున్నారు. చాలామంది అమ్మలయ్యారు, అమ్మమ్మలు, నానమ్మలు అయ్యారు. మనవలకి అన్నం తినిపించిన ఆ చేతులే ఒకప్పుడు అడవిలో సైనికుల గాయాలకి కట్లు కట్టాయి. ఆ మాట మాత్రం ఇంట్లో చాలామంది ఎత్తలేదు. ఎవరూ అడగలేదు కూడా. వాళ్లు వైద్యం చేసిన సైనికులే 1980లో బటాన్‌లోని సమాత్ కొండ మీద వాళ్ల కోసం ఒక ఫలకం పెట్టించారు. ఎలిజబెత్ నార్మన్ అనే రచయిత్రి, బతికున్న నర్సుల దగ్గరికి వెళ్లి కూర్చుని, విని, 1999లో పుస్తకం వేశారు. అప్పటికి వాళ్లంతా ముసలివాళ్లు. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే అడగడానికి దాదాపు ఎవరూ మిగిలి ఉండేవాళ్లు కాదు. బటాన్‌లో వాళ్ల పక్కనే పనిచేసిన ఫిలిప్పీన్ నర్సుల గురించైతే రాసింది ఇంకా తక్కువ.

అందుకే నాకు ఈ కథలో మెడల్ కంటే ఆ దుప్పటి గుడ్డ ముఖ్యం అనిపిస్తుంది. తమ పేర్లు వేరేవాళ్లు రాస్తారని వాళ్లు నమ్ముకోలేదు, వాళ్లే రాసుకున్నారు.

మన ఇళ్లల్లో కూడా నర్సుగా, ఆయాగా, టీచర్‌గా, కూలీగా జీవితం మొత్తం పనిచేసిన అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ సరిగా ఉండవు. ఈ ఆదివారం ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. "ఏం సాధించావు" లాంటి పెద్ద ప్రశ్నలు వద్దు. మొదటి జీతం ఎంత, అప్పుడు ఏ ఊళ్లో ఉన్నావు, నీతో ఎవరెవరు పనిచేశారు అని అడగండి. పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు వచ్చేలా చూసుకోండి. చరిత్రకి కావాల్సింది అవే.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.