కోనసీమ స్త్రీల అలంకారము, పాదరక్ష

స్త్రీల వేషభూషలను గూర్చి వ్రాయువారు నగరములతో ప్రారంభించి, అచ్చట పుట్టిన పోకడలు కాలక్రమమున పల్లెలకు దిగివచ్చినట్లు వర్ణించుట పరిపాటి. కాట్రేనికోన వంటి చోట ఈ పద్ధతి సగమునకు మించి పనికిరాదు. వృద్ధగౌతమి సముద్రమును చేరు తావున, పంటకాలువలకును ఉప్పుటేళ్లకును నడుమ, కొబ్బరితోటల నీడలలో ఒదిగియున్న ఈ గ్రామమును, దాని చుట్టునున్న పల్లంకుర్రు, చెయ్యేరు, కందికుప్ప, కుండలేశ్వరము, బలుసుతిప్ప మొదలగు ఊళ్లను ఆధారముగా గొని విచారించినచో రెండు సంగతులు స్పష్టపడును. శిరస్సు మొదలు కాలివ్రేళ్ల వరకు ప్రతి అవయవమునకును ఏదో యొక నగ ఏనాడో ఏర్పడియుండగా, పాదము క్రింద తొడుగుకొను చెప్పు మాత్రము స్త్రీకి అన్నిటికంటె ఆలస్యముగా దక్కుట మొదటిది. గోదావరి ముఖద్వార ప్రాంతపు చేతులే దూరనగరముల స్త్రీల సింగారమునకు కావలసిన వస్త్రములను, అల్లికలను చిరకాలము సమకూర్చుచు వచ్చుట రెండవది.

క్రీస్తుశకారంభ శతాబ్దములనాటి అమరావతీ శిల్పములలో స్త్రీల కాళ్లకు బరువైన అందెలును, నడుమునకు మేఖలయు, చెవులకు పెద్ద కుండలములును కనబడును. పాదములు మాత్రము వట్టివి. ఆ ఆదర్శము మన కాలము సమీపించువరకును చెక్కుచెదరలేదు. గోదావరి మండలమున పెండ్లికూతురి అలంకారమనగా జడకు నాగరము, రాగిడి, చేమంతిపువ్వు, జడకుప్పెలు. చెవులకు కమ్మలు, జూకాలు, చెంపసరాలు. ముక్కునకు అడ్డబాస, బులాకి. మెడకు కంటె, నాను, పట్టెడ, కాసులపేరు. దండకు వంకీ, నడుమునకు వడ్డాణము, మణికట్టునకు మురుగులును గాజులును. బంగారము లక్ష్మీస్వరూపము గనుక నడుమునకు దిగువన దానిని ధరింపరాదను నియమముచేత కాళ్లకు పట్టీలు, వ్రేళ్లకు మట్టెలు వెండితోనే చేయించిరి. ఆ వెండికి తోడుగా పాదమునకు పూసిన పసుపును, దాని అంచున దిద్దిన పారాణియు చేరినప్పుడు, పాదము కప్పదగిన వస్తువుగా గాక చూపదగిన వస్తువుగా నిలిచినది. నగలపట్ల ఈ ప్రాంతమునకు గల మక్కువ దైవములను గూడ విడువలేదు: వృద్ధగౌతమి ఒడ్డున వెలసిన కుండలేశ్వరస్వామికి ఆ నామము, తన్ను చేరవచ్చిన గోదావరికి సముద్రుడొసగిన కుండలములవలన గలిగినదని స్థానికులు చెప్పుకొందురు.

ఈ నగలకు శోభతోబాటు వేరొక ప్రయోజనము గలదు. తుపానులకు ఎదురొడ్డి నిలిచిన తీరమున పంట ఒక్క రాత్రిలో నేలపాలగును. కూలిన కొబ్బరిచెట్టునకు బదులుగా నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. 1996 నవంబరు 6వ తేదీనాటి పెనుతుపాను కోనసీమలో తోటలకు తోటలను నేలగూల్చి, వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఇట్టి చోట మెడలోని కాసులపేరు స్త్రీధనమును, కుటుంబపు చివరి నిలువయు గూడనైయుండుటచే, దాని బరువును చూచి యింటి బలిమిని అంచనా వేయు అలవాటు కేవలము ఆడంబరమని తోసివేయరానిది. చెప్పు ఎంత వెలగలదైనను తాకట్టునకు పనికిరాదు. కావున కలిగినప్పుడు గృహిణి ధనము కాళ్లవైపు గాక మెడవైపునకే నడచెను.

పాదరక్ష ఆలస్యమగుటకు నేల స్వభావము మరియొక హేతువు. తోలుచెప్పు మెట్టభూమి వస్తువు. రాతినేలపై ముండ్లనుండి, ఎండనుండి కాళ్లను కాచుట దాని ధర్మము. కోనసీమలోనన్ననో నాట్ల కాలమున మోకాలిలోతు బురద, గట్లపై జారుడు, రేవుకు చేరినచో పడవ ఎక్కుటకు నీటిలోనికి దిగక తప్పనిస్థితి. తడిసిన తోలు బిగిసి, బూజుపట్టి, కుట్లు వీడిపోవును. కిర్రుచెప్పులు తొడిగి చప్పుడు చేయుచు నడచుట కలిగిన పురుషుల దర్పమునకు గుర్తైయుండెనే గాని, వరినాట్లు వేయు స్త్రీకిగాని, చేపలగంపతో ఇసుకపై నడచు మత్స్యకారస్త్రీకిగాని ఆ చెప్పు అక్కరకు వచ్చునది కాదు. పెద్దింటి స్త్రీ గడప దాటుటయే అరుదు. దాటినను పెద్దలయెదుట చెప్పులతో నిలుచుట అవినయమని తలంచిరి.

కులవ్యవస్థ విధించిన కట్టడి యింతకంటెను క్రూరమైనది. తంగేడుచెక్కతో తోళ్లు ఊనినవారును, చెప్పులు కుట్టినవారును మాదిగలు. అయినను తమ చేతులతో కుట్టిన చెప్పును తొడిగి అగ్రవర్ణముల వీధిలో నడచుటకు తెలుగునాట అనేక గ్రామములలో వారికి అనుమతి లేకుండెను. వీధి మొదట చెప్పులు విడిచి చేతబట్టుకొని, అవతలి కొసను మరల తొడుగుకొనవలెను. పురుషునికే యింత నిషేధమున్నచోట ఆ యింటి స్త్రీ మాట చెప్పవలసిన పనిలేదు. 1917లో విజయవాడయందు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన ఆది-ఆంధ్ర మహాసభ మొదలుకొని సాగిన ఆత్మగౌరవోద్యమములకు కోనసీమ గట్టి స్థావరమైనది. కాట్రేనికోనకు పొరుగుననున్న కందికుప్పలో 1939లో జన్మించిన బొజ్జా తారకము న్యాయవాదియై, కవియై ఆ పోరాటమును తన జీవితాంతము కొనసాగించెను. చెప్పు తొడిగి వీధిలో నడచుట ఇచ్చట సింగారముగా మారుటకు ముందు హక్కుగా సంపాదింపబడవలసి వచ్చినది.

ఇక నగరముల సంగతి. పదునెనిమిదవ శతాబ్దమున ఈ డెల్టా ఒక మూలనున్న మారుమూల దేశము కాదు. అమలాపురమునకు చేరువనున్న బండమూర్లంకయందును, యానామునకు పొరుగుననున్న ఇంజరమునందును, నర్సాపురమువద్ద మాధవాయపాలెమునందును ఆంగ్లేయుల వర్తకశాలలు వెలసినవి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటిని వశపరచుకొనుట వాటి విలువను చాటుచున్నది. ఇచ్చటి నేతగాండ్రు నేసిన సన్నని నూలుబట్టలు ఓడలకెక్కి లండను చేరెను. మాధవాయపాలెమును పలుకలేని నోళ్లలో అది ‘మడపొల్లం’ అయి, ఒకజాతి మెత్తని నూలుబట్టకు ఐరోపాలో అదే పేరై నిలిచినది. కోరమండల తీరమునుండియు, ఘూర్జర, వంగదేశములనుండియు వచ్చిపడిన నూలు, అద్దకపు బట్టలపై పారిసు, లండను స్త్రీలకు కలిగిన మోజు ఎంతటిదనగా, 1686లో ఫ్రెంచి ప్రభువు వాటిని నిషేధించెను. 1719లో లండను పట్టునేతగాండ్రు వీధులలో అట్టి బట్టలు ధరించి కనబడిన స్త్రీల దుస్తులను చించివేసిరి. 1721లో ఆంగ్లపార్లమెంటు వాటి ధారణనే నిషేధించు శాసనము చేసెను. నగరపు పోకడ పల్లెకు వచ్చుటకు ముందు, పల్లె మగ్గము నగరములను కలవరపెట్టినదన్నమాట. ఆ విద్య నేటికిని బండారులంక, పుల్లేటికుర్రు, మోరి చేనేతలలోను, పిఠాపురము చెంతనున్న ఉప్పాడ జాంధానీలోను జీవించియున్నది. ఉప్పాడ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను.

యంత్రవస్త్రము వచ్చి మగ్గమును దెబ్బతీసిన తరువాత, అదే ప్రాంతపు స్త్రీలచేతికి వేరొక పని వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున నర్సాపురమునకు వచ్చిన స్కాట్లండు మిషనరీలగు మాక్రే దంపతులు నేర్పిన లేసు అల్లిక, వసిష్ఠా గోదావరికి ఇరుప్రక్కలనున్న ఊళ్లకు వ్యాపించి, అరుగులమీదను చావళ్లలోను కూర్చున్న స్త్రీల దినచర్యలో భాగమైనది. ఐరోపా స్త్రీల మెడపట్టీలకు, బల్లగుడ్డలకు అంచులై ఆ అల్లికలు ఓడలెక్కెను. ఈ స్త్రీలను పరిశీలించి 1982లో గ్రంథము ప్రకటించిన జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్, వీరి శ్రమను ‘గృహిణుల తీరికపని’గా గణించుటవలననే వారికి కూలి అతిస్వల్పముగా ముట్టుచున్నదనియు, వ్యాపారలాభము పురుషులైన ఎగుమతిదారులకు చేరుచున్నదనియు నిరూపించెను. 2024లో నర్సాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. కీర్తి ఊరికి దక్కినది; కూలి మాట ఇంకను తేలవలసియున్నది.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియగుటతో డెల్టా సిరులకు నిలయమైనది. వరి అమ్మిన ధనము కంసాలి కుంపటిని చేరెను. అయినను ఆ బంగారమునకు ఎదురుగాలి రెండుమార్లు వీచినది. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు పండ్రెండేండ్ల దుర్గాబాయి స్త్రీలసభను సమకూర్చి, తన చేతిగాజులను ఆయన జోలెలో వేయగా, సభకు వచ్చిన స్త్రీలు తమ నగలను ఒలిచి యిచ్చిరి. నిరాడంబరమైన ఖద్దరుచీర కొంతకాలము విద్యావతుల యందు గౌరవచిహ్నమైనది. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి పదునాలుగు కారట్లకు మించిన నగలు చేయరాదన్నప్పుడు, స్వర్ణకారులు వృత్తి చెడి విలవిలలాడిరి. ఆ కాలమున మచిలీపట్టణము పొరుగున చిలకలపూడివారి రోల్డుగోల్డు నగలు పేదలయిండ్లకు పెండ్లికళను తెచ్చెను. బరువుకంటె నాణ్యముగల నమూనాయే ముఖ్యమను భావము అచ్చటినుండి బలపడెను.

చెప్పు మాటకు మరల వత్తము. హైదరాబాదు మెట్టనేలమీద, దర్బారు సంస్కృతిలో, జరీపని చేసిన సలీంషాహీ జోళ్లు స్త్రీలకును భూషణములై, లాడ్‌బజారు లక్కగాజులకు జతగా నిలిచినవి. చెన్నపట్నమున చైనాబజారును, రంగమున (రంగూనున) బర్మాస్త్రీల మఖమలు పట్టీల చెప్పులను చూచినవారు గోదావరి తీరమున తక్కువ లేరు. కోరంగి, కాకినాడ రేవులనుండి రంగము వెళ్లి కూలిపని చేసినవారు వేలమంది. కాని కన్నులతో చూచినంతమాత్రమున కాళ్లకు ఎక్కదు. 1928లో కాకినాడనుండి గౌతమి ఈవలనున్న కోటిపల్లి వరకు వచ్చిన రైలుపట్టాలను యుద్ధావసరమునకై 1940లో ఊడదీసిరి. నదికి ఆవలనున్న కోనసీమకు రైలు చేరనే లేదు. పడవయు, కాలిబాటయు మిగిలిన దేశమున దుకాణపు చెప్పు మెల్లగానే వ్యాపించును.

తుదకు స్త్రీ కాలికి చెప్పును తెచ్చినవి మూడు. మొదటిది బడి. ఆడపిల్ల పొరుగూరి ఉన్నతపాఠశాలకు, ఆపైన 1951లో వెలసిన అమలాపురము కళాశాలకు నిత్యము నడచివెళ్లునప్పుడు, ఆమెకు చెప్పు అవసరమని ఒప్పుకొనక తప్పలేదు. విలాసమని నిందింపదలచినవారికి చదువు సమాధానమైనది. రెండవది వస్తువు. 1934లో కలకత్తా సమీపమున బాటానగరము వెలసి, యంత్రముతో చేసిన చవుకబారు పాదరక్షలు దేశమెల్ల వ్యాపించినవి. తదుపరి దశాబ్దములలో వచ్చిన రబ్బరు హవాయి చెప్పు ఈ నేలకే చేసినదా యనిపించెను. బురదలో దిగిన చెప్పును కాలువలో జాడించి అరనిమిషమున తొడుగుకొనవచ్చును. తెగిన పట్టీని దుకాణములో కొని స్వయముగా మార్చుకొనవచ్చును. తోలుతో ముడిపడిన అంటు రబ్బరునకు అంటలేదు. మూడవది సంపాదన. గల్ఫు దేశములకు ఇంటిపనికై వెళ్లిన కోనసీమ స్త్రీలు కువైటు, దుబాయి, మస్కటు బజారులను స్వయముగా చూచి, స్వార్జితముతో గొలుసులు, చేతిసంచులు, మడమలెత్తిన చెప్పులు తెచ్చిరి. అంతకు పూర్వము పోకడ భర్త కొనుటవలననో, తండ్రి పెట్టుటవలననో రాగా, ఇప్పుడు మొదటిసారిగా స్త్రీ తాను ఎంచి, తాను వెల చెల్లించి తెచ్చుకొన్నది.

సినిమాప్రభావమును తీసివేయుటకు వీలులేదు. 1971నాటి ‘ప్రేమ్‌నగర్’ కాలమున వాణిశ్రీ కొప్పును, ఆమె రవికలను అనుకరింపని పట్టణము లేదు. రాజమండ్రి తాడితోట వస్త్రదుకాణములును, విజయవాడ బీసెంటు రోడ్డు దుకాణములును ఆ నమూనాలను కోనసీమ సంతలకును, తీర్థములకును చేర్చినవి. అయినను సినిమా కొప్పును మార్చినంత వేగముగా కాలిని మార్చలేకపోయెను. కొప్పు దువ్వెనతో ముగియును. కాలికి బాట కావలెను. ఎదుర్లంక-యానాముల నడుమ బాలయోగి పేరిట వంతెన వెలసి, పడవకోసమై రేవులో నిలువనక్కరలేని దినము వచ్చిన తరువాతనే మడమ చెప్పుకు ఈ నేల అనుకూలించినది. నేడు ముమ్మిడివరము బస్సు ఎక్కు కళాశాల విద్యార్థిని కాళ్లకు క్రీడాబూట్లు సహజమై, ఆమెయే పెండ్లినాడు వాటిని విడిచి పారాణి పెట్టించుకొనుటలో వైరుధ్యమేదియు లేదు. ఒకటి దారికి, ఒకటి పీటకు.

కావున కాట్రేనికోన వంటి ఊరి అలంకారచరిత్ర వ్రాయదలచినవాడు నగరపు అద్దాలకిటికీలకంటె ముందుగా బడికి పోవు బాటను, పడవరేవును, నేతమగ్గమును, లేసు అల్లు చేతిని పరిశీలింపవలెను. స్త్రీ ఏమి తొడిగినదను ప్రశ్నకు ప్రత్యుత్తరము బజారులో దొరకును; ఎప్పుడు తొడిగినది, ఎవరు తొడుగనిచ్చిరి, ఎవరి కూలితో అది తయారైనది అను ప్రశ్నలకు మాత్రము ఊరిలోనే వెదకవలెను.