కలివికోడి, సలీం అలీ, ఐతన్న

పక్షుల గురించి చదివిన వారందరికీ సలీం అలీ పేరు తెలుసు. మన రాయలసీమ కంపపొదల్లో రాత్రిపూట తిరిగే కలివికోడి పేరు మాత్రం మన పిల్లల్లో చాలామంది వినలేదు. ఈ రెండు పేర్లూ 1986 జనవరిలో ఒకచోట కలిశాయి. వాటిని కలిపింది ఐతన్న అనే వేటగాడు. ముగ్గురి కథా కలిపి చెప్పుకుంటేనే మన యువతకు ఉపయోగమని ఈ వ్యాసం రాస్తున్నాం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. చిన్న వయసులో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని అడిగితే మేనమామ ఆయనను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. 1883లో ఏర్పడిన సంస్థ అది. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, దాచిపెట్టిన ఎన్నో పిట్టల నమూనాలు చూపించారు. వేటతో మొదలైన ఆసక్తి అలా చదువుకు మళ్లింది.

ఆ దారి సులువుగా సాగలేదు. తగిన డిగ్రీ లేదని ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం రాలేదు. మ్యూజియంలో కొన్నాళ్లు పనిచేసి, 1929లో జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ దగ్గర శిక్షణ పొందారు. తిరిగి వచ్చేసరికి ఆ పని కూడా లేదు. బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ గిజిగాళ్లను గమనించారు. మగ గిజిగాడు గూడు సగం అల్లుతాడు. ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటే దాన్ని పూర్తిచేస్తాడు. ఆ తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తాడు. మనం రోజూ బావిగట్టున చూసే గూళ్లే ఇవి. ఓపికగా కూర్చుని చూసి రాసినందుకు ఆయనకు పేరు వచ్చింది.

తర్వాత సంస్థానాల్లో పక్షుల సర్వే మొదలుపెట్టారు. జీతం వద్దు, తిరుగుడు ఖర్చులు ఇస్తే చాలన్నారు. 1931లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ సంస్థానంలో సర్వే చేశారు. అలా మన తెలుగు నేల పక్షులు ఆయన రాతల్లోకి ఎక్కాయి. 1941లో 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' వచ్చింది. సామాన్యులు కూడా బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టేలా చేసిన పుస్తకం అది. 1968 నుంచి 1974 వరకు అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లేతో కలిసి 10 సంపుటాల గ్రంథం వెలువరించారు. 1985లో ఆత్మకథ 'ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో' వచ్చింది. ఆ పిచ్చుకే ఆ పేరుకు మూలం. భరత్‌పూర్ చిత్తడి నేలను, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడాలని గట్టిగా వాదించిన వారిలో ఆయన ఒకరు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఇక కలివికోడి. 1848లో సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ ఈ పిట్టను శాస్త్రలోకానికి తెలియజేశారు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి ఆయన పేరే ఉంది. 1900లో అనంతపురం వైపు కనిపించింది. ఆ తర్వాత 86 ఏళ్లు శాస్త్రవేత్తలెవరికీ దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1980లలో బొంబాయి సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో ఊరూరా తిరిగి, పిట్ట బొమ్మ చూపించి విచారించారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర ఐతన్న రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పిట్టను పట్టారు. ఆ కబురు విని సలీం అలీ బొంబాయి నుంచి బయలుదేరారు. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. పట్టుబడిన పిట్ట బతకలేదు గానీ, ఆ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. మరుసటి ఏడే సలీం అలీ కన్నుమూశారు. 1988లో లంకమల అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది. తరువాతి కాలంలో ఈ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

శాస్త్రవేత్తలకు ఇన్నేళ్లు ఎందుకు దొరకలేదు? అది రాత్రి తిరిగే పిట్ట. పగలు వెతికితే కనపడదు. రాత్రి అడవి తెలిసినవారికే దాని జాడ తెలుస్తుంది. కలివిపొదల్లో ఉంటుంది కాబట్టి ఆ నేల మనుషులు దానికి కలివికోడి అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడ ఉంటుందో ఆ పేరే చెబుతోంది! తరువాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, దాని మీద పడిన అడుగుజాడలు చూసి పిట్ట ఉనికిని తెలుసుకున్నారు. అడుగుజాడ చదవడం మన తాతలకు కొత్త విద్య కాదు.

బొంబాయి సొసైటీ వలసపక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పనిలో కూడా బీహారులోని మీర్ షికారీలనే పెట్టుకుంది. పిట్టకు దెబ్బ తగలకుండా పట్టే నేర్పు వారిది. వేట నేర్పు రక్షణకు పనికొచ్చింది. అయితే పుస్తకాల మీద పేర్లు రాసినవారివే. ఇందులో సలీం అలీని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆయన రాశారు, అందుకే నిలిచింది. మన పెద్దలు రాయలేదు, వారితోపాటే పోతోంది.

ఇది మన ఊళ్లకు దూరపు కథ కాదు. 1911 దాకా మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. మన వైపు పారే పాపాఘ్ని కడప జిల్లాలోనే పెన్నలో కలుస్తుంది. పెద్దతిప్పసముద్రానికి దగ్గరలోని హార్స్‌లీ కొండల మీద పసుపుగొంతు పిగిలిపిట్ట ఉంది. దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప అది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని కూడా శాస్త్రలోకానికి చెప్పింది జెర్డానే. ఆ కొండల కింద మేకలు మేపినవారు దాన్ని ఏమని పిలిచేవారో ఎవరు రాసిపెట్టాలి?

హాస్టళ్లలో పిల్లల మధ్య ఉండే మాకు ఒక సంగతి కనిపిస్తోంది. పెంగ్విన్ బొమ్మ చూపితే ఠక్కున చెబుతారు. తీతువు, కముజు, జెముడుకాకి అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్ల అవ్వాతాతలకు వాటి కూత, గూడు, గుడ్డు పెట్టే కాలం అన్నీ తెలుసు. ఒక్క తరంలోనే ఇంత తేడా వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. పిట్ట పేరు మీ ఇంటి భాషలో, అంటే యానాది, ఎరుకల, సుగాలి ఇళ్లలో ఎలా అంటారో అలాగే రాయండి. ఎక్కడ చూశారో, ఏ తేదీనో, ఏ పొద మీదో రాయండి. చెప్పిన పెద్దమనిషి పేరు తప్పకుండా రాయండి. పిట్టను పట్టవద్దు, కొట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని నేరమంటుంది. కలివికోడిని 2008 తర్వాత ఏళ్ల తరబడి రూఢిగా చూసినవారు లేకపోయారు. దాన్ని ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని అడగండి.