పారదర్శక సబ్బు – ఇంటి తయారీ: కోసిగి ప్రాంత నేపథ్యం

కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో అంగడి సబ్బు రాకముందు బట్టల మురికి వదిలించినది చౌడు. రజకులు చౌటినేల మీద తేరిన మన్నును గీకి తెచ్చి, దాని నీటిలో బట్టలు నానబెట్టి బానలో ఉడకబెట్టేవారు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి ఉండేవి. చౌడులో సోడియం కార్బొనేట్ ఉంటుంది. దానిని సున్నంతో కాచి వడగడితే కాస్టిక్ సోడా ద్రావణం లభిస్తుంది; అందులో నూనె ఉడికితే సబ్బవుతుంది. ఆముదమూ ఈ మెట్టచేలలో పండేదే. ఇన్ని సరుకులు చేరువలో ఉండగా, అద్దంవంటి సబ్బు మాత్రం ఇంటి పొయ్యికి ఎందుకు దూరమైందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

పారదర్శకత స్వచ్ఛతకు గుర్తని చాలామంది నమ్మకం. ఇది ప్రకటనలు పెంచిన భ్రమ. సబ్బు చల్లారేటప్పుడు ఏర్పడే స్ఫటికాలు కాంతిని చెదరగొట్టడం వల్ల అది తెల్లగా కనబడుతుంది. వేడి సబ్బును స్పిరిట్‌లో కరిగించి గ్లిజరిన్, చక్కెరపాకం చేర్చితే స్ఫటికాలు పెరగవు; కాంతి దాటిపోతుంది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం ఇందుకు తోడ్పడుతుంది. ఈ చేర్పుల వల్ల అందులో నికరమైన సబ్బు పాలు మామూలు సబ్బులో కన్నా తక్కువే.

కనుక కీలకమైనది స్పిరిట్. లండన్‌లో ఆండ్రూ పియర్స్ 1807లో పారదర్శక సబ్బును అమ్మకానికి తెచ్చాడు. తాగడానికి పనికిరాకుండా చేసిన స్పిరిట్‌ను పరిశ్రమలు సుంకం లేకుండా వాడుకోవడానికి బ్రిటన్ 1855లో అనుమతించింది. అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకాలో పరిస్థితి వేరు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం సారా కాచడాన్ని, పరిమితికి మించి నిల్వ ఉంచడాన్ని లైసెన్సుకు లోబరచింది. ఇంట్లో స్పిరిట్‌తో ప్రయోగం చేయబూనినవారు ముందుగా ఆబ్కారీ అధికారులకు జవాబు చెప్పుకోవాలి. నైపుణ్యలేమి కన్నా ఈ నిబంధనే పెద్ద అడ్డంకి అయిందని నా అభిప్రాయం. 1871లో మద్రాసు–రాయచూరు రైలుమార్గం కోసిగి మీదుగా పూర్తికావడంతో తయారైన సబ్బు రావడానికి దారి సుగమమైంది. 1914లో మద్రాసు ప్రభుత్వం కాలికట్‌లో సబ్బు సంస్థను నెలకొల్పింది. మత్స్యశాఖ చొరవతో, ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో మొదలైన ఆ ప్రయత్నం పుట్టింది మలబారు తీరంలో. ఈ మెట్టసీమకు అది బహుదూరం.

1953లో ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. స్పిరిట్‌పై అదుపు 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టంలోనూ కొనసాగింది. నేడు ఇంట్లో పారదర్శక సబ్బు చేసేవారిలో ఎక్కువమంది గ్లిజరిన్ దిమ్మను కొని, వేడినీటి గిన్నెపై కరిగించి, రంగూ పరిమళమూ కలిపి అచ్చుల్లో పోస్తున్నారు. అసలు తయారీ ఎక్కడో కర్మాగారంలోనే ముగిసిపోతుంది. ఆముదాలు మాత్రం గింజలుగానే ఆదోని మార్కెట్ యార్డుకు చేరుతున్నాయి.