క్లిప్పు తీశాక పళ్ళు మళ్ళీ జరిగితే: మూడు వందల ఏళ్ళ కథ



మామూలుగా నేను మన వలసల గురించి, పాత ఊళ్ళ గురించి రాస్తుంటాను. ఈసారి పళ్ళ చరిత్ర. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా మనవరాలికి రెండేళ్ళు పళ్ళకు క్లిప్పు వేయించాం. తీసేశాక డాక్టరు ఒక ప్లేటు ఇచ్చి, పగలూ రాత్రీ పెట్టుకో, తినేటప్పుడు మాత్రం తియ్యి అన్నారు. ఒక పెళ్ళి విందులో ఆ పిల్ల దాన్ని తీసి కాగితంలో చుట్టి ఆకు పక్కన పెట్టింది. ఆకులు ఎత్తేవాళ్ళు ఆకుతోబాటు దాన్నీ ఎత్తేశారు. భయంతో ఇంట్లో చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి కింది ముందుపళ్ళు మళ్ళీ ఒకదాని మీదికొకటి వచ్చేశాయి. నేను బాగా కోప్పడ్డాను. అంత డబ్బు నీళ్ళపాలు చేశావన్నాను. తరువాత కూర్చుని ఈ విషయం చదివాను. చదివాక నా కోపం తప్పని తెలిసింది.

పళ్ళను వరుసలోకి తెచ్చే పని కొత్తది కాదు. 1728లో పారిస్ నగరంలో పియర్ ఫోషార్ అనే వైద్యుడు దంతవైద్యం మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. గుర్రపు లాడం ఆకారంలో ఒక లోహపు పట్టీ పెట్టి, దానికి పళ్ళను దారంతో కట్టి లాగే పద్ధతి అందులో ఉంది. 1900లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్వర్డ్ ఏంగిల్ ఈ విద్యకే విడిగా బడి పెట్టాడు. పైపళ్ళు, కిందిపళ్ళు సరిగ్గా కలిస్తే అవి అలాగే నిలబడతాయని ఆయన నమ్మకం. పన్ను పీకడానికి ఒప్పుకునేవాడు కాదు.

ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ కొన్నేళ్ళకు తన పాత రోగులను మళ్ళీ పరీక్షించాడు. చాలామందికి పళ్ళు తిరిగి జరిగిపోయాయి. ఆయన దాన్ని దాచిపెట్టలేదు. గురువు మాట కాదని కొన్ని పళ్ళు తీయించి, అలాంటి రోగులకు ఫీజు తీసుకోకుండా మళ్ళీ వైద్యం చేశాడు. రెండోసారి ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న అప్పటిదే.

జరిగిన పన్ను ఎందుకు వెనక్కి పోతుంది? రైల్వేలో పనిచేసినవారికి సులభంగా చెప్పగలను. కొత్తగా లైను వేశాక కింద కంకర గట్టిపడేదాకా బండి మెల్లగా పోవాలని కాషన్ ఆర్డర్ ఇస్తారు. పట్టా నేరుగానే ఉంటుంది, కింది నేల ఇంకా కుదురుకోలేదు. పన్నూ అంతే. చుట్టూ ఉన్న ఎముక కొన్ని నెలల్లో గట్టిపడుతుంది. చిగురులోని నారలు మాత్రం అంత త్వరగా కుదురుకోవు. నార్వే వైద్యుడు కోరె రైటాన్ కుక్కల మీద పరీక్షించి, తిప్పిన పన్ను చుట్టూ చిగురు నారలు 232 రోజుల తరువాత కూడా లాగబడే ఉన్నాయని 1959లో రాశాడు.

ఇంకో సంగతి ఉంది. 1981లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వైద్యులు, నాలుగు పళ్ళు తీసి క్లిప్పు వేసిన 65 మందిని, ప్లేటు వాడడం ఆపిన పదేళ్ళకు పరీక్షించారు. మూడింట రెండు వంతుల మందికి కింది ముందుపళ్ళ వరుస బాగా లేదు. అసలు క్లిప్పు వేసుకోనివారికి కూడా వయసుతోబాటు కింది ముందుపళ్ళు ఇరుకవుతాయి. అంటే ఇది పిల్లల అల్లరివల్ల మాత్రమే వచ్చేది కాదు. శరీర ధర్మమూ ఉంది. పిల్లను దోషిగా నిలబెట్టిన తాతగా ఇది చదివి సిగ్గుపడ్డాను.

ఇక తక్కువ ఖర్చులో దిద్దుకునే దారులు. ఇవీ చరిత్రలో ఒక్కొక్కటిగా వచ్చినవే.

మొదటిది ప్లేటు. 1919లో చార్లెస్ హాలీ చెప్పినది. అంగిలికి ఆనే పలక, పళ్ళ ముందు ఒక తీగ. ఆ రోజుల్లో వల్కనైట్‌తో చేసేవారు, తరువాత అక్రిలిక్ వచ్చింది. ఇప్పటికీ ఇదే చవక, విరిగినా బాగుచేయవచ్చు. పళ్ళు కొంచెమే జరిగి పాత ప్లేటు బిగువుగానైనా పూర్తిగా కూర్చుంటే, డాక్టరును అడిగి మళ్ళీ వాడితే చాలాసార్లు సరిపోతుంది. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి.

రెండోది స్ప్రింగు ప్లేటు. 1975లో బారర్ అనే వైద్యుడు వివరించాడు. నోటి అచ్చు తీసి, సున్నపు నమూనాలో వంకర పళ్ళను రంపంతో కోసి, మైనంలో నేరుగా నిలబెడతారు. ఆ నేరు వరుస మీదే ప్లేటు చేస్తారు. నోట్లో పెట్టుకుంటే అది పళ్ళను ఆ వరుసకు తోస్తుంది. చోటు కోసం పళ్ళ పక్కల సన్నగా అరగదీస్తారు. కింది నాలుగు పళ్ళు కొద్దిగా ఇరుకైతే మళ్ళీ నోరంతా క్లిప్పు అక్కరలేదు.

మూడోది ముందుపళ్ళకు మాత్రం కొన్ని నెలలు క్లిప్పు.

నాలుగోది కనబడని ప్లాస్టిక్ తొడుగు. 1997లో అమెరికాలో జియా చిష్తీ, కెల్సీ విర్త్ అలైన్ కంపెనీ పెట్టారు. తన ప్లేటు పెట్టుకోకపోతే పళ్ళు జరగడం, పెడితే తిరిగి రావడం చూసే చిష్తీకి ఆ ఆలోచన వచ్చిందట. 2017 నుండి ఆ కంపెనీ ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరుతూ రావడంతో వేరే కంపెనీలూ వచ్చాయి. కానీ డాక్టరు నోరు చూడకుండా తపాలాలో తొడుగు తెప్పించుకోకండి. అలా అమ్మిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది, వైద్యం మధ్యలో ఉన్నవారు దిక్కులేక నిలిచారు.

ఏది చేసినా చివర పళ్ళ వెనక సన్న తీగ అంటించుకోవచ్చు. 1955లో బ్యూనోకోర్ కనిపెట్టిన, పన్నును ఆమ్లంతో గరుకు చేసి అంటించే పద్ధతి వల్లే ఇది సాధ్యమైంది. దాన్ని పోగొట్టుకునే భయం లేదు, శుభ్రం మాత్రం జాగ్రత్తగా చేసుకోవాలి.

ఇవన్నీ ఎక్కడ? మన దేశంలో మొదటి దంత కళాశాల 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టినది. మద్రాసులో ప్రభుత్వ దంత కళాశాల 1953లో మొదలైంది. ఇలాంటి కళాశాలల్లో పెద్ద చదువు చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల కింద వైద్యం చేస్తారు. బయటి క్లినిక్ కంటే ఖర్చు చాలా తక్కువ, కాచుకోవడం మాత్రం ఎక్కువ. నలభై దాటినవారికి కొత్తగా పళ్ళు జరిగితే ముందు చిగుళ్ళు చూపించండి. చిగుళ్ళ జబ్బు ఉన్నచోట తీగ బిగిస్తే పన్నే పోవచ్చు.

మా మనవరాలికి స్ప్రింగు ప్లేటుతోనే సరిపోయింది. ఇప్పుడు వెనక తీగ ఉంది. నేను కోప్పడినందుకు దానితో తప్పయిందన్నాను. "పోనీలే తాతా" అంది.

మీ ఇంట్లో క్లిప్పు తీసిన పిల్లలుంటే, ప్లేటు డబ్బా ఎక్కడుందో ఈ రాత్రే అడగండి. కోప్పడకుండా అడగండి. భయపడితే చెప్పరు, చెప్పకపోతే ఖర్చు పెరుగుతుంది.