చారిత్రక నవలలందు ధీర, భీరు నాయికలు

సంస్కృతమున స్త్రీవాచకములలో 'భీరు' శబ్ద మొకటి. అమరసింహుఁడు మనుష్యవర్గమున దీనిని స్త్రీవిశేష నామములతోఁ జేర్చెను. భయార్థకమగు 'భీ' ధాతువునకుఁ గ్రుప్రత్యయము చేరఁగా నీ రూపము సిద్ధించును. పాణిని యీ ప్రత్యయమును దాచ్ఛీల్యాద్యర్థములందు విధించెను గావున, భయము స్వభావముగాఁ గలది యని యర్థమే కాని, యొకప్పుడు భయపడినది యని కాదు. కవులు నాయిక నీ శబ్దముతో సంబోధించుట నిందకుఁ గాదు, లాలనకే.

'ధీర' శబ్దము గతి వేఱు. ఆలంకారికులు మధ్యా ప్రగల్భలకు ధీర, అధీర, ధీరాధీర యను భేదములను జెప్పిరి. అవి యపరాధియగు ప్రియునియెడఁ గోపమును జూపు తీరునుబట్టి కలిగినవి. రణరంగముతో వానికి సంబంధము లేదు. కావున నవలలోని ఖడ్గధారిణి యీ విభాగమునుండి పుట్టినది కాదు.

ఆమె రాక వేఱొక త్రోవను జరిగినది. స్కాటు రచించిన 'ఐవాన్హో' (1819) యందు రొవీనా, రెబెక్కా యను నిరువురు స్త్రీలు గలరు. బంకించంద్రుని 'దుర్గేశనందిని' (1865) యందుఁ దిలోత్తమ, ఆయేషా గలరు. తిలోత్తమ మృదుస్వభావ, లజ్జావతి. ఆయేషా బందియైన జగత్సింహునిపైఁ దన కుగల యనురాగమును, దన్నుఁ గోరిన యుస్మాను నెదుటనే నిర్భయముగాఁ బ్రకటించును. విమల తన భర్తను జంపించిన కతలూఖానును స్వయముగాఁ బొడిచి చంపును. అయినను గథాంతమున జగత్సింహుఁడు పెండ్లాడునది తిలోత్తమనే. ఐవాన్హో వరించునదియు రొవీనానే. ధీరకుఁ గీర్తి, భీరువునకు వరుఁడు: ఇది యా నవలాకారుల పంపకము.

అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' యం దీ పంపకమును ద్రోసిపుచ్చెను. వివాహసమయమున వరుఁ డపహరింపఁబడఁగా, అన్నాంబిక యా యిష్టములేని సంబంధమును విడిచి యోరుగంటికిఁ బోయి రుద్రమదేవి నాశ్రయించును, ఆయుధమును బట్టును, తుదకు గన్నారెడ్డిని బరిణయమగును. రుద్రమయు నట్లే చాళుక్య వీరభద్రుని వరించును. ఈ కథలో ధైర్యము వివాహమున కడ్డు కాలేదు. అంతకు మించిన విశేష మొకటి యున్నది. పురుషవేషమునఁ బెరిగిన రుద్రమకు మనసు చలించిన ఘట్టములలో ధీరయు భీరువు నొక్క స్త్రీయందే కానవచ్చుదురు. యుద్ధవర్ణనలకంటె నవలకు బలమైన భాగ మిదియే. నోరి నరసింహశాస్త్రియు నీ రాణిని 'రుద్రమదేవి' (1951) యను నవలకు నాయికను జేసెను.

వేషము మాత్రము కల్పన యని తోచవచ్చును. దాని మూలము శాసనములందే కలదు. సిద్దిపేట మండలమునందలి ప్రజ్ఞాపుర మోరుగంటికి సుమారు 60 మైళ్ళ దూరమున నున్నది. అటువంటి తెలంగాణ గ్రామసీమలు మొదలు మోటుపల్లి రేవుదాఁక వ్యాపించిన రాజ్యమును 1262 మొదలు 1289 వఱకు నేలిన యామెను శాసనములు పలుచోట్ల 'రుద్రదేవ మహారాజు' అని పేర్కొన్నవి. అధికారము చేతికి వచ్చిన స్త్రీకిఁ బుంలింగనామము కావలసివచ్చెను. మార్కోపోలో మాత్ర మామె న్యాయపరిపాలనను గొనియాడుచునే, గణపతిదేవుని కూఁతురగు నామెను బూర్వరాజు భార్యగా భ్రమించెను. ఆమె మరణమును జెప్పునది చందుపట్ల శాసనము (1289). సేనాని మల్లికార్జున నాయకుని మరణమును నందే చెప్పఁబడినది. ఆ వృద్ధరాణి చివరి దినములు నవలాకారుల వర్ణనలకంటె నెక్కుడు గంభీరములు.

ఆమె సోదరి గణపాంబ చరిత్ర మింకొక తీరు. కోట వంశజుఁడగు బేతరాజు నామెకు భర్త. అతఁడు గతించిన పిమ్మట ధాన్యకటక ప్రాంతమును ఆమె యేలెను. భర్త పేర బేతేశ్వరాలయమును గట్టించెను. యనమదల శాసనము (శక 1172, క్రీ.శ. 1250) ఈ సంగతులను దెల్పుచున్నది. ఆమె పురుషనామమును ధరింపలేదు. స్త్రీనామముతోనే, విధవగానే, రాజ్యభారమును వహించినది. ఆయేషావలె సాహసోక్తులుగాని, తిలోత్తమవలెఁ గన్నీరుగాని యా శాసనమున లేవు. దానములు, దేవాలయములు, వంశవర్ణన మాత్రమే కలవు. అక్కకుఁ గలిగిన నవలాప్రసిద్ధి ఈమెకుఁ గలుగలేదు. అక్కయో చెల్లెలో యను చర్చ యటుండనిండు.