కుట్లు పడని గాయం

1966లో అమెరికన్ పత్రిక 'లైఫ్' ఒక ఐస్ హాకీ గోల్‌కీపర్ ముఖాన్ని ఫోటో తీయించి అచ్చు వేసింది. అతని పేరు టెర్రీ సాచుక్. మాస్కు లేకుండా ఆడిన ఏళ్లలో ఆయన ముఖం మీద పడిన కుట్లు నాలుగు వందల పైచిలుకు. ఎప్పటి గాయం అప్పుడు మానిపోయింది కాబట్టి అవన్నీ ఒకే ఫోటోలో కనిపించవు. అందుకని ఒక మేకప్ ఆర్టిస్టు చేత పాత కుట్లన్నీ ఆ ముఖం మీద మళ్లీ గీయించారు. కన్ను చుట్టూ, పెదవి మీద, గడ్డం కింద. ఆ ఫోటో ఇప్పుడు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రెండో కథ బోస్టన్ జట్టు గోల్‌కీపర్ జెర్రీ చీవర్స్‌ది. ఒకరోజు ప్రాక్టీసులో పక్ వచ్చి ఆయన మాస్కుకి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి మంచి సాకు దొరికిందని ఆయన డ్రెస్సింగ్ రూముకి వెళ్లి కూర్చున్నాడు. కోచ్ వచ్చి, వేషాలు చాలు, పద అన్నాడు. పక్కనున్న ట్రైనర్ సరదాకి నల్ల మార్కర్‌తో మాస్కు మీద కుట్లు గీశాడు. ఆ తర్వాత పక్ తగిలిన ప్రతిసారీ ఇంకో కుట్టు చేరుతూ వచ్చింది. మాస్కు లేకపోతే ముఖం ఏమయ్యేదో చెప్పే బొమ్మ అది. హాకీ చరిత్రలో అంత పేరున్న మాస్కులు బహు తక్కువ.

నిజం గాయాల్ని చూపించడానికి మేకప్ కావాల్సి వచ్చింది. ఉత్తుత్తి గాయం మాత్రం బొమ్మగా నిలిచిపోయింది. ఐస్ హాకీ చరిత్ర చదువుతున్నప్పుడు ఈ రెండు కథల పక్కన నాకొక ఖాళీ కనిపిస్తూ వచ్చింది. గోల్‌కీపర్ని నెలల తరబడి కూర్చోబెట్టే ఇంకో గాయం ఉంది. దానికి ఫోటో లేదు, కుట్లు లేవు, రక్తం లేదు. అది గజ్జల్లో ఉంటుంది. అది అక్కడికి ఎలా చేరిందన్నది ఆట చరిత్రే చెబుతుంది. దాన్ని ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదన్నది మాత్రం మనుషుల చరిత్ర.

మొదట్లో గోల్‌కీపర్ నిలబడే ఉండాలి. పక్‌ని ఆపడానికి కావాలని మంచు మీద పడితే శిక్ష. 1917లో నేషనల్ హాకీ లీగ్ మొదలైనప్పుడు కూడా ఇదే నియమం. ఆటావా జట్టు గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కాలు జారినట్టు నటించి పడిపోయేవాడు. పదే పదే మోకాళ్ల మీద ఉంటున్నాడని ఆయనకి 'ప్రార్థన చేసే బెన్నీ' అని పేరు పెట్టారు. జారాడా, కావాలని పడ్డాడా అన్నది రిఫరీ ఎలా తేల్చాలి? 1918 జనవరిలో, మొదటి సీజన్ మధ్యలోనే, లీగ్ ఆ నియమాన్ని మార్చేసింది. గోల్‌కీపర్ ఎలా కావాలంటే అలా పడొచ్చు.

పడొచ్చు అన్నారు సరే, అంత తేలికా? పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. కిందికి వంగిన కొద్దీ ముఖం దాని దారిలోకి వస్తుంది. అందుకే చాలాకాలం గోల్‌కీపర్లు వీలైనంతవరకు నిలబడే ఆడారు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ జాక్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, మాస్కు లేకుండా మళ్లీ మంచు మీదికి వెళ్లనన్నాడు. మాస్కు పెట్టుకుంటే పిరికివాడంటారన్నది అప్పటి లెక్క. మాంట్రియల్ కోచ్ టో బ్లేక్‌కి ఇష్టం లేకపోయినా వేరే గోల్‌కీపర్ లేడు, ఒప్పుకోక తప్పలేదు. ఆ రాత్రి మాంట్రియల్ గెలిచింది. కొన్నేళ్లలో మాస్కు అందరి ముఖాల మీదికీ వచ్చింది.

ఈ మలుపుని అందరూ ముఖం కథగానే చెబుతారు. నాకు మాత్రం ఇది నడుము కింది కథ కూడా అనిపిస్తుంది. ముఖానికి రక్షణ దొరికాక గోల్‌కీపర్ ధైర్యంగా కిందికి దిగగలిగాడు. ఆ దిగడమే తర్వాత ఆటగా మారింది.

ఎలా దిగాలో చూపించినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు గ్లెన్ హాల్. 1950లలో డెట్రాయిట్‌కీ తర్వాత షికాగోకీ ఆడాడు. మోకాళ్లు రెండూ దగ్గరగా మంచు మీద ఆనించి, పిక్కల్ని రెండు పక్కలకీ విప్పేవాడు. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉంటుంది కాబట్టి దీనికి 'బటర్‌ఫ్లై' అని పేరు. యోగాలో పాదాలు కలిపి మోకాళ్లు విప్పే భంగిమనీ బటర్‌ఫ్లై అంటారు, కానీ ఇది దానికి సరిగ్గా తిరగేసింది. చిన్నపిల్లలు కొందరు మోకాళ్లు ముందుకి, పాదాలు చెరోపక్కకి పెట్టి నేలమీద కూర్చుంటారు చూడండి, అలాగన్నమాట. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. ఈ భంగిమతో దాని కింది భాగం దాదాపు మూసుకుపోతుంది.

హాల్ మాస్కు లేకుండా వరసగా 502 మ్యాచ్‌లు ఆడాడు. 1955లో మొదలైన ఆ వరస 1962 నవంబర్‌లో తెగింది. తెంపింది పక్ కాదు. నడుము పట్టేసింది. ఏడేళ్లు ముఖాన్ని పణంగా పెట్టిన మనిషిని చివరికి కూర్చోబెట్టింది బయటికి కనిపించని నొప్పి.

ఇక్కడ కాస్త శరీరం సంగతి చెప్పుకోవాలి. తొడ లోపలివైపు ఐదు కండరాలుంటాయి. పొత్తికడుపు కింది ఎముక దగ్గర మొదలై చాలావరకు తొడ ఎముకకి అతుక్కుంటాయి. వీటిని అడక్టర్లు అంటారు. కాలిని మధ్యకి లాగడం వీటి పని. స్కేటింగ్‌లో కాలిని పక్కకి తోస్తాం కదా, ఆ విసురుని ఆపి కాలిని వెనక్కి తెచ్చే బ్రేకు కూడా ఇవే. సాగుతూనే బిగుసుకోవాలి. కండరం చిరిగేది ఎక్కువగా ఇలాంటి పనిలోనే. గోల్‌కీపర్ మోకాళ్ల మీద ఉండి ఒక కాలితో తోసుకుంటూ గోల్ ఈ చివరి నుంచి ఆ చివరికి జారతాడు. ఎదుటివాడు మనసు మార్చుకుంటే సగంలో ఆగి రెండో వైపుకి కాలు బారజాపుతాడు. పైగా తుంటి కీలు లోపలికి మెలితిరిగి ఉంటుంది. ఒక మ్యాచ్‌లో, ప్రాక్టీసులో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించుకోండి.

హాల్ తర్వాత షికాగోకి వచ్చిన టోనీ ఎస్పొసీటో 1969-70 సీజన్‌లో ఈ పద్ధతితోనే 15 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అయినా దీన్ని అందరి పద్ధతిగా మార్చింది పాట్రిక్ రువా. 1986లో ఇరవయ్యేళ్ల వయసులో మాంట్రియల్‌కి స్టాన్లీ కప్ తెచ్చి, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆయన వెనక ఫ్రాన్స్వా అలేర్ అనే కోచ్ ఉన్నాడు. ఎప్పుడు దిగాలి, ఎలా లేవాలి, ఏ కోణంలో నిలవాలి అన్నది ఒక పాఠంలా కూర్చినవాడు. ఆ తర్వాతి తరం పిల్లలు గోల్‌లో నిలబడటం కంటే ముందు మోకాళ్ల మీద పడటం నేర్చుకున్నారు. గోల్‌కీపర్లు మెరుగయ్యారు. ముఖం భద్రంగా ఉంది. బరువు తుంటి మీదికి, గజ్జల మీదికి దిగింది.

ఇక డొమినిక్ హాషెక్. చెక్ దేశస్థుడు. ఆయనది ఎవరి పద్ధతీ కాదు. మంచు మీద దొర్లుతాడు, కర్ర వదిలేసి చేత్తో పక్ పట్టుకుంటాడు, కాళ్లు రెండు దిక్కులకీ బార్లా చాస్తాడు. 1997, 1998లో వరసగా రెండేళ్లు లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో తన దేశానికి బంగారు పతకం తెచ్చాడు.

అలాంటి మనిషిని కూడా నమ్మలేదు. 1997 ప్లేఆఫ్స్‌లో మోకాలికి దెబ్బ తగిలి బఫలో జట్టు నుంచి తప్పుకున్నప్పుడు, ఇది నిజంగా గాయమేనా అని ఒక స్థానిక విలేఖరి రాశాడు. హాషెక్ ఆ విలేఖరి మీద చెయ్యి చేసుకున్నాడు, లీగ్ ఆయన్ని మూడు మ్యాచ్‌లు పక్కన పెట్టింది. చెయ్యి చేసుకోవడం తప్పే. కానీ అనుమానం కూడా ఒక దెబ్బేనని ఆ కథ చదివినప్పుడు అనిపించింది. ఎందుకంటే తర్వాతి పదేళ్లూ అది ఆయన్ని వదల్లేదు. ఈసారి మోకాలు కాదు, గజ్జలు. 1999 ప్లేఆఫ్స్‌లో ఆ నొప్పితో రెండు మ్యాచ్‌లు తప్పుకుని, తిరిగొచ్చి జట్టుని ఫైనల్ దాకా నడిపాడు. మరుసటి సీజన్‌లో సుమారు సగం మ్యాచ్‌లు అదే నొప్పి మింగేసింది.

నన్ను ఎక్కువగా ఆపేసింది 2003-04 సీజన్. రిటైరయి, మళ్లీ డెట్రాయిట్‌కి వచ్చి 14 మ్యాచ్‌లు ఆడాడో లేదో గజ్జలు మొరాయించాయి. ఆగిపోతున్నానంటే సొంత కోచ్‌కే ఆశ్చర్యం. అప్పుడు హాషెక్ ఎవరికీ చెప్పకుండా మేనేజర్ దగ్గరికి వెళ్లి, గాయంతో కూర్చున్న రోజులకి తనకి జీతం వద్దన్నాడు. 60 లక్షల డాలర్ల ఒప్పందంలో సుమారు 30 లక్షలు అలా వదులుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో ప్రాగ్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. దీన్ని ఆత్మాభిమానం అనొచ్చు. నాకు ఇందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. చూపించడానికి కుట్లు లేని మనిషి తన నొప్పి నిజమని రుజువు చేయడానికి డబ్బు కట్టినట్టుంది. ముక్కు పగిలిన ఆటగాడు జీతం తిరిగిచ్చాడని ఎక్కడైనా విన్నామా?

2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ పది నిమిషాలైనా కాకముందే మళ్లీ అడక్టర్ దెబ్బతింది. అప్పుడు ఆయన ఆటావా జట్టు మనిషి. ప్లేఆఫ్స్ నడుస్తున్నన్నాళ్లూ వస్తాడా రాడా అన్నదే ఆ ఊరి ప్రశ్న. రాలేదు. మళ్లీ అనుమానాలు.

ఇదే సమయంలో ఇంకోచోట, పెద్ద చప్పుడు లేకుండా, ఈ గాయాన్ని చూసే పద్ధతి మారుతోంది. 1999లో డెన్మార్క్ వైద్యుడు పెర్ హోల్మిక్ బృందం ఏళ్లూ నెలలూ గజ్జల నొప్పితో బాధపడుతున్న 68 మంది క్రీడాకారుల మీద ఒక పరిశోధన ప్రచురించింది. సగం మందికి అప్పటిదాకా అలవాటైన చికిత్స: మసాజ్, లేజర్, సాగదీయడం. మిగతా సగానికి బలం పెంచే వ్యాయామాలు. నొప్పి లేకుండా పాత స్థాయిలో ఆటకి తిరిగొచ్చినవాళ్లు మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 23 మంది. కొత్తగా చిరిగిన కండరానికి మొదట్లో విశ్రాంతి కావాల్సిందే. కానీ మొండిగా కూర్చున్న నొప్పి పడుకుంటే పోదు, ఓపిగ్గా పని చేయిస్తేనే పోతుందని తేలింది.

2001లో టిమ్ టైలర్ బృందం ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఆటగాళ్ల కండరాల్ని కొలిచింది. కాలిని లోపలికి లాగే బలం, బయటికి తోసే బలంలో 80 శాతం కన్నా తక్కువున్నవాళ్లకి గజ్జల గాయం ముప్పు 17 రెట్లు ఎక్కువ. సీజన్‌కి ముందే ఆ తేడా సరిచేస్తే రెండు సీజన్లలో 11 గాయాలు ఉన్నచోట తర్వాతి రెండింటిలో మూడే వచ్చాయి. అంటే కనిపించని గాయాన్ని ముందే కొలవొచ్చు. 2003లో స్విట్జర్లాండ్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ బృందం ఇంకో తలుపు తెరిచింది. తుంటి కీలులో బంతి, గిన్నె అంచులు ఒకదానికొకటి తగిలి లోపల నలిగే సమస్య గురించి వివరించింది. తుంటిని మెలితిప్పి బతికే గోల్‌కీపర్లకి ఇది చాలా ముఖ్యం. ఏళ్ల తరబడి 'కండరం పట్టేసింది' అనుకున్న కొన్ని నొప్పుల మూలం కండరంలో లేనే లేదు, కీలులో ఉంది.

ఇంత జరిగినా 2014లో దోహాలో 14 దేశాల నుంచి 24 మంది నిపుణులు కూర్చుని ముందు తేల్చుకోవాల్సి వచ్చింది పేర్ల సంగతి. గజ్జల నొప్పిలో ఏ రకాన్ని ఏమని పిలవాలో అప్పటిదాకా ఒక మాట మీద లేరు. పేరే కుదరని నొప్పిని కోచ్ నమ్మలేదని, అభిమాని నమ్మలేదని ఎవర్ని అంటాం?

లీగ్ కూడా పేరు చెప్పదు. జట్లు గాయాల వివరాలు దాచుకుంటాయి, ప్రకటనలో 'శరీరం కింది భాగంలో గాయం' అని మాత్రమే ఉంటుంది. ఎదుటి జట్టు ఆ చోటు చూసి కొడుతుందన్న భయం ఒక కారణం. మన దగ్గర కథ వేరే. పేపర్లో క్రికెటర్ గురించి 'గజ్జల్లో గాయం' అని మామూలుగా రాస్తారు. అదే మనకి వస్తే ఆ మాట నోట్లోంచి రాదు. 'తొడ పట్టేసింది' అంటాం, 'కాలు బెణికింది' అంటాం, కుంటకుండా నడవడానికి ప్రయత్నిస్తాం. వాళ్లది వ్యూహం, మనది మొహమాటం. రెండు చోట్లా నొప్పి ఉన్న మనిషి ఒక్కడే మిగులుతాడు.

హాషెక్ ఆ తర్వాత ఏం చేశాడో కూడా చెప్పాలి. ట్యూరిన్‌తో పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2006-07లో మళ్లీ డెట్రాయిట్‌కి వచ్చి 56 మ్యాచ్‌లు ఆడాడు. ఆ సీజన్ మధ్యలో ఆయనకి 42 నిండాయి. 2008లో జట్టుతో పాటు స్టాన్లీ కప్ ఎత్తి వెళ్లిపోయాడు.

హోల్మిక్ వ్యాయామాల్లో మొదటిది ఎవరైనా చేయగలిగినంత మామూలుది. వెల్లకిలా పడుకుని, రెండు పాదాల మధ్య ఫుట్‌బాల్ పెట్టుకుని, 30 సెకన్లు గట్టిగా నొక్కాలి. అలా పది సార్లు. చూసేవాడికి అందులో ఏమీ కనిపించదు. బంతి కదలదు, కాళ్లు కదలవు.