కోత వేదిక మీద పుట్టిన తిమింగల శాస్త్రం

దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో నార్వే నావికుడు కార్ల్ ఆంటన్ లార్సెన్ 1904లో గ్రిట్‌వికెన్ వేట కేంద్రాన్ని నెలకొల్పాడు. తిమింగలం నూనెకు యూరప్‌లో సబ్బుల, మార్గరిన్ తయారీదార్ల దగ్గర గిరాకీ ఉండేది. తొలినాళ్లలో కొవ్వు మాత్రం ఒలుచుకుని కళేబరాన్ని నీళ్లలోనే వదిలేసేవారు. తీరం దగ్గర తిరిగే హంప్‌బ్యాక్‌లు తరిగిపోయాక వేట నీలి తిమింగలాల మీదికి, ఫిన్ తిమింగలాల మీదికి మళ్లింది.

ఆ దీవిని పాలించే బ్రిటిష్ ప్రభుత్వం వేటను ఆపాలనుకోలేదు. వేట మీద వచ్చే రాబడి ఎండిపోకుండా చూసుకోవాలనుకుంది. అందుకే నూనె మీద వసూలైన పన్నుతోనే 1925లో ‘డిస్కవరీ’ పరిశోధనలు మొదలయ్యాయి. గ్రిట్‌వికెన్ పక్కనే ప్రయోగశాల వెలిసింది. మెకింతోష్, వీలర్ అనే జీవశాస్త్రవేత్తలు నెత్తురుతో, కొవ్వుతో జారే కోత వేదిక మీద టేపు పట్టుకుని నిలబడేవారు. కోతగాళ్లు పని ముగించేలోపే పొడవు కొలవాలి, కడుపులో క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ఎంతుందో చూడాలి, అండాశయాల మీది మచ్చలు లెక్కపెట్టాలి. అలా వందల కళేబరాలను పరీక్షించారు.

బతికున్న తిమింగలాల రాకపోకలు తెలుసుకోవడానికి నంబరు చెక్కిన ఉక్కు గొట్టాలను తుపాకీతో వాటి కండలోకి కాల్చేవారు. ఆ జంతువు ఎప్పుడో వేటకు చిక్కితే గొట్టం తెచ్చిచ్చినవారికి బహుమతి. చచ్చాక గానీ ప్రయాణం తెలియదన్నమాట!

ఈలోగా వేట తీరం దాటిపోయింది. 1925లో ‘లాన్సింగ్’ ఓడ వెనుక జారుబల్ల అమర్చడంతో నడిసముద్రంలోనే తిమింగలాన్ని పైకి లాగి కోయడం సాధ్యమైంది. 1930–31 ఒక్క సీజన్‌లోనే 29,000కు పైగా నీలి తిమింగలాలు హతమయ్యాయి.

1946 ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వేట పరిమితులకు ‘నీలి తిమింగల యూనిట్’ అనే కొలమానాన్ని వాడింది: ఒక నీలి తిమింగలం రెండు ఫిన్ తిమింగలాలతో సమానం. నూనె లెక్కకిది సరిపోయిందేమో, జాతుల మనుగడకు మాత్రం కాదు. ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. వయసు అంచనాలూ తప్పాయి. చెవి గూబలో పేరుకునే మైనం పొరలు ఏడాదికి రెండనుకున్నారు. తర్వాత ఒక్కటేనని తేలింది. తిమింగలం అనుకున్నదానికంటే నిదానంగా ఎదుగుతుందని అర్థమయ్యేసరికే చాలా నష్టం జరిగిపోయింది.

1960ల మధ్యకల్లా సౌత్ జార్జియాలో వేట ఆగింది. వాణిజ్య వేటపై 1982లో కమిషన్ నిర్ణయించిన నిషేధం 1986 నుంచి అమలైంది. సోవియట్ నౌకలు దశాబ్దాలపాటు తమ వేట గురించి తప్పుడు లెక్కలు పంపాయని 1990లలో బయటపడింది. ఇప్పటి పరిశోధన ఫోటోలు, చర్మపు నమూనాలు, నీటిలోని మైక్రోఫోన్ల మీద నడుస్తోంది. 2020లో సౌత్ జార్జియా చుట్టూ జరిపిన సర్వేలో 55 నీలి తిమింగలాలు కనిపించాయి.